పెట్టెలో దీపం

తెల్లవారుజామున డిగ్రీలమ్మ పెరటి తలుపు తీసిందంటే ఆ వీధికి తెల్లారినట్టే. నెత్తికి ఉన్ని టోపీ, దాని మీద శాలువా, కాళ్లకి కొడుకు పాత మేజోళ్లు, చేతులకి గ్లవ్స్, జేబులో సుద్దముక్క. ఆ వేషం చూసి మొదట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు ఆవిడ చలి ఎన్ని డిగ్రీలో రాసి గేటుకి తగిలించే నల్లబల్ల చూడందే పిల్లలకి ఎన్ని స్వెట్టర్లు తొడగాలో తేల్చుకోలేరు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ దాంతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

పెరటి చివర, వీధి వైపు పొట్టి గోడకి దగ్గరగా, నాలుగు కాళ్ల మీద పట్టణ ఆఫీసువాళ్లు ఇచ్చిన ఒక తెల్ల చెక్కపెట్టె. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు కాబట్టి చుట్టూ వాలుచెక్కలు. లోపల థర్మామీటరు. రాత్రి చలి ఎంతవరకు దిగితే అంతవరకు ఒక చిన్న ఇనుప సూది జరిగి అక్కడే ఆగిపోతుంది. పొద్దున్నే ఆ సూది ఎక్కడుందో చూడాలి. చూశాక అయస్కాంతంతో దాన్ని వెనక్కి లాగాలి. ఇంతే పని. కానీ ఆ ఇంతే పనిని ఆవిడ చేసే తీరు చూడాలి. పెట్టె తలుపు తీసేముందు ఊపిరి బిగబట్టేది, తన ఊపిరి వేడి లోపలికి తగలకూడదని. కన్ను సూదికి సరిగ్గా ఎదురుగా వచ్చేదాకా మోకాళ్లు వంచేది. ఒకసారి చూసి, కళ్లు మూసుకుని, మళ్లీ చూసేది. రెండు చూపులూ ఒకటే చెబితేనే సుద్దముక్క బయటికి వచ్చేది.

ఈ చలికాలం పెట్టెలోకి ఒక దీపం కూడా వచ్చింది. ఆవిడ చూపు మందగిస్తోందని కనిపెట్టి కోడలు అటక మీంచి ఒక పాతకాలపు పసుపు బల్బు తీసి, తీగ లాగించి, పెట్టెలో అడుగున అమర్చి, స్విచ్చి వంటింట్లో పెట్టించింది. డిగ్రీలమ్మ వెళ్లేసరికి రోజూ ఆ దీపం వెలుగుతూనే ఉండేది. పాపం, తనకంటే ముందు లేచి స్విచ్చి వేసి మళ్లీ పడుకుంటోంది కాబోలు అనుకుని ఆవిడ లోలోపల మురిసిపోయేది. పైకి ఒక్కనాడూ అనలేదు. కోడల్ని మెచ్చుకోవడం ఆవిడకి అలవాటు లేని పని. కోడలు కూడా ఆ ఊసెత్తేది కాదు. కరెంటు బిల్లు గురించి ఎక్కడ సతాయిస్తుందోనని ఆ పిల్ల భయం.

ఆ రోజు సూది రెండు దగ్గర ఆగింది. ఆవిడ బల్ల మీద రెండు అంకె గుండ్రంగా దిద్ది గేటుకి తగిలించి, వంటింట్లోకి వచ్చి దీపం ఆర్పేసింది.

టీ తాగుతుండగా పట్టణ ఆఫీసు గుమాస్తా ఫోన్ చేశాడు. రోజూ చేస్తాడు. మార్కెట్టు పక్కనున్న పెద్ద హాలు ఆ ఆఫీసుదే. లోపల హీటర్లున్నాయి, రగ్గులున్నాయి. బయట పడుకునేవాళ్లని రాత్రిపూట అందులోకి రానిస్తారు, కానీ ఆ పొద్దున కొలిచిన చలి సున్నాకి దిగితేనే. రూలు అలా రాసి పెట్టారు. ఊళ్లో చలి కొలిచేది డిగ్రీలమ్మ ఒక్కతే కాబట్టి ఆ హాలు తాళంచెవి ఒకరకంగా ఆవిడ నోట్లో ఉన్నట్టే.

రెండు అని చెప్పింది ఆవిడ. అయితే ఇవాళ కూడా లేదన్నమాట అన్నాడు గుమాస్తా. గొంతులో సంతోషమూ లేదు, విచారమూ లేదు. మీరెంతంటే అంతేనమ్మా అని పెట్టేశాడు.

కూరగాయల కత్తి మొద్దుబారిందని దాన్ని గుడ్డలో చుట్టుకుని ఆవిడ వీధి దాటింది. ఎదురుగా మూతపడిన బట్టల కొట్టు ముందు, కత్తులకి సాన పట్టే సానాయన సైకిలు నిలబెట్టి ఉంది. పగలు అదే ఆయన కార్ఖానా, రాత్రి ఆ కొట్టు అరుగే పడకగది. సైకిలు వెనక చక్రానికి సానరాయి బిగించి ఉంటుంది. పైన వేలాడే డబ్బాలోంచి నీళ్లు చుక్కచుక్కగా రాయి మీద పడుతుంటే, పెడల్ తొక్కుతూ కత్తి అంచుని దాని మీద పెడతాడు. వేళ్లు బయటికి కనిపించే ఉన్ని గ్లవ్స్ ఎప్పుడూ తడిసే ఉంటాయి.

ఆవిణ్ని చూడగానే పెడల్ ఆపాడు. "ఇవాళైనా సున్నా పడిందా అమ్మా?"

"రెండు."

"నా నీళ్ల డబ్బా గడ్డకట్టుకుపోయిందమ్మా. సుత్తి పెట్టి కొడితే గానీ చుక్క రాలలేదు."

డిగ్రీలమ్మకి ఇలాంటి మాట దొరికితే పండగే. నేల దగ్గర చలి వేరు, గాలిలో చలి వేరు అని మొదలుపెట్టింది. నేల తొందరగా చల్లారిపోతుందనీ, అందుకే డబ్బాలో నీళ్లు గడ్డకట్టినా మనిషి ఎత్తున గాలి అంత చల్లగా ఉండక్కర్లేదనీ, లెక్కలోకి వచ్చేది ఆ గాలేననీ చేతులు తిప్పుతూ చెప్పింది. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. సానాయన శ్రద్ధగా విని తలూపాడు.

"నేను పడుకునేది ఆ డబ్బా పక్కనే కదమ్మా" అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంచెం ఇబ్బంది పడింది. ఆయన కత్తి అందుకుని, అంచుని వెలుతురుకి పెట్టి చూసి, పెడల్ తొక్కడం మొదలుపెట్టాడు. రాయి గరగరమంది. కాసేపయ్యాక, తలెత్తకుండానే, హాస్యానికన్నట్టు అడిగాడు, బల్ల మీద సుద్దముక్క ఓ రెండు గీతలు కిందికి జారితే ఎవరికి తెలుస్తుందని. కూలీలంతా మార్కెట్టు గోనెల మధ్య ముడుచుకుని పడుకుంటున్నారు, వాళ్లకైనా కాస్త ఊపిరాడుతుంది కదా అన్నాడు.

నవ్వు ఎగిరిపోయింది ఆవిడ ముఖంలోంచి. "నేను చూసిందే రాస్తానయ్యా. ఒక్కసారి లేనిది రాశాననుకో, రేపు నిజంగా సున్నా పడ్డనాడు నా మాట ఎవరు నమ్ముతారు?"

ఆయన రాయి ఆపి, కత్తి అంచుని బొటనవేలి గోరు మీద ఆనించి చూశాడు. "అదీ నిజమే" అన్నాడు. అని కత్తి గుడ్డలో చుట్టి ఇస్తూ, వీధికి అవతలున్న గోడకేసి గడ్డం చూపించాడు. "మీ పెట్టె మాత్రం బాగుందమ్మా. నిద్రపట్టనప్పుడల్లా దానికేసి తిరిగి పడుకుంటా. చెక్కల సందుల్లోంచి పచ్చగా వెలుగొస్తుంటుంది. పక్కన కుంపటి ఉన్నట్టుంటుంది ప్రాణానికి."

"అది నా కోడలు వేస్తుంది" అంది డిగ్రీలమ్మ. అనేటప్పుడు ఆవిడ గొంతులో గర్వం ఆగలేదు. ఇంట్లో అనలేని మాట వీధిలో అనగలిగినందుకు తేలికపడి, అడుగులు గట్టిగా వేస్తూ వచ్చేసింది. ఆయన ఏ వేళప్పటి దీపం గురించి చెబుతున్నాడో ఆవిడ అడగలేదు. తెల్లవారుజాము సంగతే అనుకుంది.

మర్నాడు కొళాయి తిప్పితే గాలి తప్ప నీళ్లు రాలేదు. గొట్టంలో గడ్డకట్టింది. పెరట్లో గడ్డి తెల్లగా, పెళుసుగా ఉండి అడుగు వేస్తే చిటపటలాడింది. ఇవాళ పడింది సున్నా అనుకుంటూ దాదాపు పరుగుతోనే వెళ్లింది ఆవిడ. ఊపిరి బిగబట్టి, మోకాళ్లు వంచి చూసింది. ఒకటిన్నర. కళ్లు మూసి తెరిచి మళ్లీ చూసింది. ఒకటిన్నరే.

బల్ల తగిలించడానికి గేటు దగ్గరికి వచ్చేసరికి ఎదుటి అరుగు చుట్టూ జనం. మార్కెట్టు కూలీల మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని సానాయన చెంపలు తడుతున్నాడు. ఆయనకి ఉలుకూ పలుకూ లేదు. కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి. పెదవులు నేరేడుపండు రంగు. తడి గ్లవ్స్ చేతుల మీదే బిగిసిపోయి అట్టల్లా అయిపోయాయి. వాటిని లాగబోయి మేస్త్రీ చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. కింద కనిపించే వేళ్లు వేళ్లలా లేవు, మైనంతో చేసి అతికించినట్టున్నాయి.

డిగ్రీలమ్మకి శాలువా తీసి ఇవ్వాలన్న ఆలోచన కూడా అందరూ ఆయన్ని తోపుడుబండి మీదికి ఎత్తాక వచ్చింది. పరుగున వెళ్లి కప్పింది. ఊపిరి ఆడుతోంది, ఆస్పత్రికి తీసుకెళ్తే దక్కుతాడు అంటున్నారెవరో. బండి కదిలింది. మేస్త్రీ మాత్రం ఒక్క క్షణం ఆగి, ఆవిడ చేతిలో ఉన్న నల్లబల్ల వైపు చూశాడు. బల్ల వెనకవైపు ఆయనకి కనబడుతోంది.

"ఎంతుందమ్మా ఇవాళ?"

"ఒకటిన్నర."

ఆయన తిట్టినా బావుండేది. తిట్టకుండా బండి వెనక వెళ్లిపోయాడు.

గుమాస్తాకి కూడా అదే చెప్పింది. కోడలు టీ ఇస్తే తాగకుండా పక్కన పెట్టింది. ఒకటిన్నరకి మనిషి కొయ్యబారిపోతాడా? తడి గ్లవ్స్ వల్లేమో. ముసలితనమేమో. ఆకలేమో. ఒక్కో కారణమూ పైకి చెప్పుకుంటూ వంటింట్లో అటూ ఇటూ తిరిగింది. ఏదీ నిలబడలేదు. చివరికి వెళ్లి పెట్టెలోంచి థర్మామీటరు విప్పి తెచ్చింది.

ఫ్రిజ్‌లో ఉన్న ఐసంతా గుడ్డలో మూటగట్టి రోకలితో దంచింది. ఒక వెడల్పాటి గిన్నెలో ఆ ముక్కలు పోసి, మునిగేలా నీళ్లు పోసి, కలిపి, థర్మామీటరు అందులో పెట్టింది. కరుగుతున్న ఐసు ఎక్కడైనా, ఎవరింట్లోనైనా సున్నాయే. పరికరం అబద్ధమాడుతుంటే ఇక్కడ బయటపడక తప్పదు. వంటింటి బల్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది. కోడలు భయంభయంగా పక్కన నిలబడింది. పాదరసం దిగి, దిగి, సున్నా గీత మీద ఆగింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"చూశావా? నాది తప్పు కాదు" అంది ఆవిడ. కోడలు అవునత్తయ్యా అంది. థర్మామీటరుని తిరిగి పెట్టెలో బిగించి వచ్చి, ఆ రోజంతా ఆవిడ ఆ మాటనే పట్టుకు వేలాడింది. సాయంత్రం మేస్త్రీ మనిషి ఒకతను వచ్చి సాన సైకిలు తీసుకెళ్తూ, సానాయన ప్రాణానికి ఫరవాలేదనీ, కుడిచేతి వేళ్లు మాత్రం నల్లబడుతున్నాయనీ, మూడు తీసెయ్యాలంటున్నారనీ చెప్పి వెళ్లాడు. కత్తిని గోరు మీద ఆనించి చూసిన ఆ చెయ్యే డిగ్రీలమ్మ కళ్ల ముందు కదిలింది.

ఆ మర్నాడు గ్లవ్స్ తొడుక్కోవడం మర్చిపోయి వెళ్లింది. పెరడంతా నిన్నటికంటే తెల్లగా ఉంది. గోడ మీద, బట్టల తీగ మీద, పడేసిన చీపురు మీద కూడా మంచు పొడి పేరుకుంది. పెట్టె కప్పు మీద మాత్రం తడి తప్ప ఏమీ లేదు. ఆవిడ దాన్ని చూసింది, కానీ దేని గురించీ ఆలోచించే స్థితిలో లేదు. తలుపు తీసింది. ఒకటి. అయస్కాంతం పట్టుకున్న చేతికి పట్టు చాలక అది జారి పెట్టె అడుగున పడింది. తీసుకోవడానికి వంగి చెయ్యి చాపింది. వేళ్ల వెనకభాగం బల్బుకి తగిలింది.

కెవ్వుమని అరిచి చెయ్యి లాక్కుంది. తగిలిన చోట చురుక్కుమంటోంది. నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇప్పుడే వేసిన బల్బు ఇంతలా కాలదే అనుకుంది. ఆ అనుకున్న మాట లోపలికి దిగడానికి కొంచెం టైము పట్టింది. ఈలోగా ఆ అరుపు విని కోడలు జుట్టు ముడేసుకుంటూ, ఆవలిస్తూ, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. ముఖం మీద దిండు ముడతలు ఇంకా పోలేదు.

"నువ్వు ఇప్పుడే లేచావా?"

"మీ అరుపుకే మెలకువొచ్చింది అత్తయ్యా. ఏమైంది?"

"మరి దీపం ఎప్పుడేశావు?"

కోడలు తప్పు చేసినదానిలా తల దించుకుంది. "రాత్రి వంటిల్లు సర్దుకున్నాక వేసి పడుకుంటానత్తయ్యా. మీరు చీకట్లో తడుముకుంటారని. బిల్లు ఎక్కువొస్తుందని మీకు చెప్పలేదు."

డిగ్రీలమ్మ కోడలి ముఖంలోకి చూసింది, పెట్టెలోకి చూసింది. "రోజూనా?"

"పెట్టిన దగ్గర్నుంచీ."

వెళ్లి దీపం ఆర్పెయ్యమంది ఆవిడ. కోడలు వంటింట్లోకి పరిగెత్తింది. పెట్టెలో వెలుగు పోయింది. అప్పటికి ఆకాశం బూడిదరంగుకి తిరిగి, దగ్గరగా చూస్తే గీతలు తెలుస్తున్నాయి. ఆవిడ కిందపడ్డ అయస్కాంతం తీసుకుని, దాంతో సూదిని వెనక్కి లాగి, పెట్టె తలుపు మూసి, పక్కకి నిలబడింది. కోడలు తిరిగొచ్చి తన శాలువాలో సగం అత్తగారి భుజాల మీద కప్పింది. బల్బు వేడి చల్లారేదాకా ఆగారు. తలుపు తీసేసరికి సూది సున్నా మీద ఉంది. మళ్లీ మూసింది. మళ్లీ తీసింది. సున్నా దాటింది. మైనస్ ఒకటి దాటింది. మైనస్ రెండున్నర దగ్గరికి జరిగి అక్కడ ఆగింది.

ఎవరో తన ఇంట్లోంచి తననే బయటికి గెంటినట్టనిపించింది డిగ్రీలమ్మకి. తన ఊపిరి తగలకుండా ముక్కు మూసుకున్న మనిషి తను. గీతకి ఎదురుగా కన్ను రావాలని మోకాళ్లు అరగదీసుకున్న మనిషి తను. రాత్రంతా ఆ పెట్టె అడుగున పొయ్యి వెలుగుతుంటే, పొద్దున్నే వెళ్లి ఎంత జాగ్రత్తగా చూసిందో! ఆయన చెప్పాడు కూడా. పక్కన కుంపటి ఉన్నట్టుంటుందని నోరు తెరిచి చెప్పాడు. ఆవిడ పెట్టె కాలు పట్టుకుని మంచు గడ్డి మీద కూలబడింది.

కోడలికి విషయం అర్థమయ్యేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. నా మూలానే, నేనే ఆయన్ని పొట్టన పెట్టుకోబోయాను అని తల బాదుకోబోతే అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వేసింది నువ్వే. చూడాల్సింది నేను. ఒక్కరోజైనా, ఇంత పెందలాడే ఎందుకు లేస్తున్నావే అని నిన్ను అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది. అడగలేదు." అని లేవడానికి చెయ్యి చాపింది. కోడలు ముక్కు తుడుచుకుంటూ లేవదీసింది.

గుమాస్తా ఫోన్ చేసినప్పుడు, మైనస్ రెండున్నర, హాలు తెరవండి అంది. తెరిపిస్తానన్నాడు అతను, ఈసారి కొంచెం హడావుడిగానే. ఇంకో మాట ఉందని, దీపం సంగతంతా చెప్పింది. దీపం పెట్టిన దగ్గర్నుంచీ తను చెప్పినవన్నీ తప్పులేనని రాసుకోమంది. అయిపోయినవాటిని కెలకడం ఎందుకమ్మా, రేపట్నించి సరిగ్గా ఉంటే చాలదా, ఇది పైకి తెలిస్తే పెట్టె తీసుకుపోతారు, నలుగురూ నాలుగు మాటలంటారు అని నచ్చచెప్పబోయాడు. అతను చెడ్డవాడు కాదు, ఆవిడ మేలు కోరే అంటున్నాడు. రాసుకో బాబూ అంది ఆవిడ. రాసుకున్నానని అతను అనేదాకా ఫోన్ పెట్టలేదు.

తర్వాత బల్ల మీద మైనస్ రెండున్నర అని రాసి, దాని కింద మిగిలిన జాగాలో, ఇన్నాళ్లూ రాసినవి తప్పు అని రాసింది. అక్షరాలు వంకర పోయాయి. చెరిపి మళ్లీ రాయలేదు.

ఆస్పత్రిలో సానాయన మంచం కిటికీ పక్కన ఉంది. రెండు చేతులకీ తెల్లటి కట్లు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. అత్తాకోడళ్లని చూసి లేవబోయి, చేతులు ఆనించుకోలేక మళ్లీ వాలిపోయాడు. ఆయన మీద కప్పి ఉన్నది డిగ్రీలమ్మ శాలువాయే. కోడలు తెచ్చిన పాలు చెంచాతో తాగించబోతే సిగ్గుపడ్డాడు. రెండు గుక్కలు తాగి, అలవాటు కొద్దీ అడిగాడు.

"ఇవాళ ఎంతమ్మా?"

"మైనస్ రెండున్నర."

ఆయన ముఖం విప్పారింది. "అయితే తెరిచినట్టే. పోనీలెండి, మావాళ్లు ఇవాళైనా వెచ్చగా పడుకుంటారు. మొన్న రాత్రి ఎంత గొడవ చేశారనుకున్నారు! హాలు తాళం పగలగొట్టి లోపలికి పోదామన్నారు. మేస్త్రీ గునపం కూడా పట్టుకున్నాడు. నేనే అడ్డం పడ్డాను. డిగ్రీలమ్మ సున్నా అంటే సున్నా, లేదంటే లేదు, ఆవిడ లేనిది రాయదు, ఆ మాటకి విలువివ్వండి అన్నాను. నా మాట విని వెనక్కి తగ్గారు."

కోడలి చేతిలో చెంచా గిన్నెకి తగిలి టంగుమంది. డిగ్రీలమ్మ మంచం పట్టీ పట్టుకుంది. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. ఉన్నదున్నట్టు చెప్పింది. దీపం, కోడలు రాత్రే వెయ్యడం, తను అడక్కపోవడం, కాలిన వేళ్లు, సూది జరగడం. చెబుతున్నంతసేపూ ఆయన చేతుల కట్ల మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. రెండనీ, ఒకటిన్నరనీ తను చెప్పిన ఆ రెండు రాత్రులూ సున్నాకి కింద ఉన్నట్టే, హాలు తెరిచి ఉండాల్సిందే అని చెప్పి ఆపేసింది.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కోపం వస్తుందని ఆవిడ ఎదురుచూసింది. రావాలని కోరుకుంది.

"అయితే అది చలే కదమ్మా?" అన్నాడు చివరికి.

ఆవిడకి అర్థం కాలేదు.

"ఒకటిన్నరేనని మేస్త్రీ చెప్పాడు, దానికే ఇలా పడిపోయానేమిటా, నాలో చేవ ఇంతగా చచ్చిపోయిందా అని నిన్నట్నించీ సిగ్గుతో చస్తున్నా. డాక్టరమ్మ ఎలా అయిందని అడిగితే చెప్పుకోలేకపోయాను." కట్టు కట్టిన చెయ్యి ఎత్తి కళ్లు తుడుచుకోబోయి, అది కుదరక భుజానికి రుద్దుకున్నాడు. "నా తప్పు కాదన్నమాట."

"కాదు" అంది డిగ్రీలమ్మ. ఏడుపు ఆపుకోలేకపోయింది. కోడలి ముందు ఆవిడ ఏడవడం అదే మొదటిసారి.

బయట వరండాలో చెప్పుల చప్పుడు, మగవాళ్ల గొంతులు వినబడ్డాయి. మేస్త్రీ, అతని మనుషులు పని ముగించుకుని వస్తున్నట్టున్నారు. కోడలు కంగారుగా గిన్నె మూతపెట్టి, అత్తగారి మోచెయ్యి పట్టుకుని లేపబోయింది. పోదాం పదండి అన్నట్టు తలుపుకేసి చూసింది.

సానాయన గొంతు తగ్గించి అన్నాడు. "మీ మాట మీద నేను వాళ్లకి మాటిచ్చానమ్మా. ఇప్పుడు నాకు చెప్పింది వాళ్లకి మీరే చెప్పాలి. నేను చెబితే మిమ్మల్ని వెనకేసుకొస్తున్నానంటారు."

డిగ్రీలమ్మ ముఖం తుడుచుకుంది. మోచెయ్యి విడిపించుకుని, స్టూలుని తలుపుకి ఎదురుగా తిప్పుకుని కూర్చుంది.